ఏడు రోజుల నిద్ర

ఆ ఫ్యాక్టరీలో తయారైన ప్రతి కెమెరా బజారు మొహం చూసే ముందు ఏడు రోజులు నిద్రపోయేది. నిద్ర అంటే నిజంగా నిద్రే. లోపల రెప్పలా తెరుచుకుని మూసుకునే షట్టరు బిగించి, దాని స్ప్రింగులు సరిచేసి, మెత్తటి గుడ్డలో చుట్టి, చెక్క బీరువాలో దాని గూట్లో దాన్ని పడుకోబెట్టి తలుపు వేసేవాళ్లు. మధ్యలో ఎవరూ తీయకూడదు, కదపకూడదు, వేలు పెట్టకూడదు. కొత్త స్ప్రింగుకు మొండితనం ఉంటుందనీ, ఏడు పనిదినాలు దాని మానాన దాన్ని వదిలేస్తేగానీ కుదుటపడదనీ అక్కడి నమ్మకం. ఎనిమిదో రోజు తలుపు తీసి, షట్టరు వేగం మళ్లీ కొలిచి, తేడా ఉంటే సరిచేసి, అప్పుడు బయటికి పంపేవాళ్లు. కంపెనీ అట్టపెట్టెల మీద కూడా గొప్పగా అచ్చేసుకున్నారు: ‘ఏడు రోజులు నిద్రపోయి లేచిన కెమెరా’ అని.

బీరువా తాళంచెవి ముప్ఫై నాలుగేళ్లుగా ఒకే మనిషి ఏప్రాను జేబులో ఉంటోంది. అందుకే ఆమె పేరు జోలమ్మ. ఎగతాళికి పెట్టిన పేరే. పెట్టినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది. హాజరు పుస్తకంలోని అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆవిడ కూడా వెనక్కి తిరిగి చూస్తుంది.

సన్నటి మనిషి. యాభై ఎనిమిదేళ్లు. కుడిచేతి బొటనవేలి మీద స్క్రూడ్రైవరు చేసిన కాయ ఒకటి నున్నగా మెరుస్తుంటుంది. షట్టరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుని, ‘వీడికి జలుబు చేసింది’ అనో, ‘ఈవిడ తొందరపడుతోంది’ అనో అంటుంది. అన్నాక మిషను మీద పెట్టి కొలుస్తుంది. పదింటికి తొమ్మిదిసార్లు ఆవిడ మాటే నిలుస్తుంది. పదోసారి మిషనుదే తప్పంటుంది.

ఒకప్పుడు అక్కడ ఆరువందల మంది పనిచేసేవాళ్లు. షట్టరు బల్లలు పది, ఒక్కో బల్లకు నలుగురు ఆడవాళ్లు, ఒక్కో బల్లకు ఒక్కో బీరువా. ఇప్పుడు అందరూ కలిపి ముప్ఫై ఒక్కరు, ఒకే బల్ల, ఒకే బీరువా. ఫోను వచ్చి కెమెరాను మింగేసిందని అందరూ అంటారు. అది సగం నిజం. కంపెనీ బాగున్న రోజుల్లో పైఅంతస్తువాళ్లు కొత్త మోడలు సంగతి వాయిదా వేశారు. బాగోలేని రోజుల్లో కింది అంతస్తువాళ్లను బయటికి పంపారు. ఆ మిగతా సగం గురించి ఏ పేపరూ రాయలేదు.

జోలమ్మ బల్ల మీద ఆవిడ కాక ఇంకో ముగ్గురు. దేనికైనా నవ్వే మనిషి కిలకిల. దేనికీ నవ్వని మనిషి కళ్లద్దాల పిన్ని. మూడోది కొత్తమ్మాయి. ఈ కొత్తమ్మాయి చేరి పదకొండేళ్లయింది. ఆ తర్వాత ఎవర్నీ తీసుకోలేదు గనక ఇంకా కొత్తమ్మాయే.

ఇంటికెళ్తే భర్త. ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు తోలి రిటైరైన మనిషి. కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నా కుడికాలు బ్రేకు కోసం వెతుకుతూనే ఉంటుంది. ఒక్కతే కూతురు, పనిచేసేది సెల్‌ఫోన్ల షాపులో. సాయంత్రం తల్లీకూతుళ్లు ఒకరినొకరు గిల్లుకోకపోతే ఆ ఇంట్లో దీపం వెలిగినట్టే ఉండదు.

"అమ్మా, ఇవాళ ఎన్నిటిని పడుకోబెట్టావు?"

"పన్నెండు. నువ్వెన్ని అమ్మావు?"

"ఇరవై రెండు. ఒక్కోదానికీ మూడేసి కెమెరాలు."

"అబ్బో, అరవై ఆరు! వాటిలో ఒక్కటైనా కునుకు తీసిందా?"

"వాటికి నిద్రుండదమ్మా. కొన్నవాళ్లకీ ఉండదు."

"మీ ఇద్దరూ ఒకే కప్పు కింద బతుకుతున్నారంటే, ఈ బండి డ్రైవరు మామూలోడు కాదన్నమాట" అనేవాడు భర్త.

"నువ్వు డ్రైవరువా? నువ్వు ప్యాసింజరువి. టికెట్టు కూడా తీసుకోలేదు" అనేది జోలమ్మ.

ఇలా నడుస్తుండగా ఒకరోజు చిన్నసారు అందర్నీ క్యాంటీనుకు రమ్మన్నాడు.

చిన్నసారు కంపెనీ యజమాని. యాభై ఆరేళ్లొచ్చినా, తాతను పెద్దసారు అని పిలిచినందుకు ఈయన చిన్నసారుగానే మిగిలిపోయాడు. తాత తయారుచేసిన మొదటి మోడలు ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉంటుంది. మాట్లాడేటప్పుడు చేత్తో దాన్ని నిమురుతుంటాడు, పిల్లి వీపు నిమిరినట్టు. ఆ రోజు నిమరడం కాస్త ఎక్కువైంది.

"ఒక మంచి మాటుంది. ఒక గట్టి మాటుంది" అన్నాడు.

మంచి మాట: ఫోటోగ్రఫీ నేర్పే బడులు కొన్ని కలిసి రెండువందల నలభై కెమెరాలు అడిగాయి. ఫిల్ము మీద నేర్చుకున్నవాళ్లే ఫోటో తీసే ముందు ఆలోచిస్తారని వాళ్ల పట్టుదల. ఇవి నచ్చితే ఏటా తీసుకునే సంగతి ఆలోచిస్తారట. గట్టి మాట: ఒప్పుకున్న రోజు నుంచి ఇరవై రెండు పనిదినాల్లో అన్నీ కొత్తగా చేసి పంపెయ్యాలి; ఇప్పుడు బీరువాలో ఉన్నవి పాత ఆర్డర్లవి. పంపకపోతే ఇంకెవర్నో చూసుకుంటారు. అదే జరిగితే ఫ్యాక్టరీ తలుపులు మూయడమే, వేరే దారి లేదు.

కొత్తమ్మాయి వేళ్లమీద లెక్కేసింది. "రోజుకు పన్నెండు. ఇరవై రోజులు. ఆ తర్వాత చివరి పన్నెండూ ఏడు రోజులు పడుకోవాలి. ఇరవై ఏడు. పోయింది."

చిన్నసారు పక్కన ఒక కుర్రసలహాదారు నిలబడున్నాడు. ఎవరు ఏం చేస్తున్నా చేతిలోని స్టాప్‌వాచి నొక్కేవాడు గనక ఆడవాళ్లు అప్పటికే అతనికి స్టాప్‌వాచి అని పేరు పెట్టేశారు. చెడ్డవాడు కాదు. మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాదతోనే అన్నాడు: "రోజుకు ఇరవై చెయ్యొచ్చు. నేను చూశాను."

"ఇరవై పెట్టడానికి గూళ్లేవి బాబూ? బీరువాలో ఉన్నవి ఎనభై నాలుగే" అంది జోలమ్మ.

"అందుకే నిద్ర తీసేద్దామంటున్నాను."

"తీసేస్తే స్ప్రింగు కుదురుకోదు."

"ఎవరు కొలిచారండీ?"

అందరూ జోలమ్మ వైపు తిరిగారు. జోలమ్మ ఏప్రాను జేబులోని తాళంచెవి తడుముకుంది.

"మా పెద్దమ్మ చెప్పింది" అంది.

"పెద్దమ్మగారు కొలిచారా?"

కిలకిల నవ్వబోయి, జోలమ్మ మొహం చూసి నవ్వు మింగేసింది. చిన్నసారు కల్పించుకున్నాడు. "ఏడు రోజుల నిద్ర మా తాతగారి మాట. అది తీసేస్తే ఇది మన కెమెరా కాదు. జోలమ్మగారూ, మీరు కుదరదంటే కుదరదనే వాళ్లకు రాసేస్తాను. వాళ్లు పది రోజులు ఆగుతామన్నారు, ఆలోగా చెప్పండి."

గౌరవంగానే అన్నాడు. కానీ ఇలాంటి గౌరవం తీరే వేరు. ముప్ఫై ఒక్క కుటుంబాల బతుకు తీసుకొచ్చి ఒక మనిషి ఏప్రాను జేబులో పెట్టి, ‘మీ ఇష్టమమ్మా’ అని చేతులు దులుపుకుంటుంది. కంపెనీ మునుగుతుంటే ఎటు ఈదాలో చెప్పాల్సింది యజమాని. ఈ చిన్న న్యాయం ఆ క్యాంటీనులో ఎవరికీ తోచలేదు, జోలమ్మకు కూడా. ఆవిడకు స్టాప్‌వాచి అడిగిన ఒక్క ప్రశ్న మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఎవరు కొలిచారు?

‘కొలిచి అతని మొహాన కొడతాను’ అనుకుంది.

ఆ సాయంత్రం కొత్తగా చేసిన పన్నెండింటిలో ఆరింటిని సుద్దముక్కతో గుర్తుపెట్టి, కొలిచి, పడుకోబెట్టింది. మర్నాడు భోజనాల వేళ, బల్ల ఖాళీగా ఉన్నప్పుడు, ముప్ఫై నాలుగేళ్లలో మొట్టమొదటిసారి నిద్రలో ఉన్న కెమెరాలను మధ్యలో బయటికి తీసింది. గుమ్మం వైపు ఒకసారి చూసుకుంది. సొంత బీరువాలోంచి దొంగలా తీస్తున్నందుకు సిగ్గేసింది కూడా. ఆరింటినీ కొలిచింది. ముందురోజుకీ ఆ రోజుకీ కొంచెం తేడా ఉంది. ‘చూశావా మరి, స్ప్రింగు కదులుతోంది’ అని సంబరపడింది. రెండో రోజు కొలిచింది. మొదటిరోజు అంకెలే వచ్చాయి. మూడో రోజూ అవే. నాలుగో రోజూ అవే.

సహజంగానే మిషను పాడైందనుకుంది. కరెంటు పనులు చూసే ఫ్యూజు బాబాయిని పిలిచింది. అతను మిషను విప్పి, ఊది, తుడిచి, మళ్లీ బిగించాడు.

"మిషను నిక్షేపంలా ఉంది వదినా. మనిషికేమైంది?"

"నాకేమవుతుంది? సరిగ్గా చూడు!"

"రెండుసార్లు చూశాను. ఇంకోసారి చూస్తే అది నన్ను చూస్తుంది."

ఏడో రోజు అంకెలు కూడా మొదటిరోజు అంకెల్లాగే వచ్చాయి, వెంట్రుకవాసి తేడా లేకుండా. స్ప్రింగు ఒక్క రోజులో కుదుటపడుతోంది. మిగతా ఆరు రోజులూ ఉత్తినే పడుకుంటోంది.

జోలమ్మ అంకెలు రాసుకున్న చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రమే పెద్దమ్మ ఇంటికి వెళ్లింది.

పెద్దమ్మ చుట్టం కాదు. అందరికీ పెద్దమ్మ. జోలమ్మకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పిందీ, పని మానేసి వెళ్తూ తాళంచెవి చేతిలో పెట్టిందీ ఆవిడే. ఎనభై ఒక్కేళ్లు. మూడో అంతస్తులో రెండు గదుల్లో మనవరాలితో ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని మనవరాలి చొక్కాకు బొత్తాలు కుడుతోంది. జోలమ్మ మెట్లెక్కిన ఆయాసం తీరకముందే ఆర్డరు సంగతీ స్టాప్‌వాచి సంగతీ చెప్పి, చీటీ తీసి ముందు పెట్టింది.

"పెద్దమ్మా, స్ప్రింగుకు ఒక్క రోజు చాలట."

పెద్దమ్మ చీటీ వైపు చూడనైనా లేదు. పళ్లతో దారం తెంపింది.

"ముప్ఫై నాలుగేళ్లు పట్టిందా నీకు?"

"నీకు తెలుసా!"

"బీరువాలో గూళ్లెన్ని?"

"ఎనభై నాలుగు."

"రోజుకు పన్నెండు పెడితే ఎన్నాళ్లకు నిండుతుంది?"

"ఏడు రోజులకి."

"అదే ఇరవై పెడితే?"

"అయిదో రోజుకే చోటుండదు."

"చోటు లేకపోతే?"

"పని ఆపా..." జోలమ్మ అక్కడే ఆగిపోయింది.

"హమ్మయ్య" అంది పెద్దమ్మ. "నీ బుర్రలో తెర ఇప్పటికి తెరుచుకుంది."

అప్పుడు చెప్పింది. నలభై ఏళ్ల కిందటి మాట. పైనుంచి ఒకరోజు హుకుం వచ్చింది, బల్లకు పన్నెండు కాదు, ఇరవై చెయ్యాలని. నెల తిరిగేసరికి నలుగురికీ వేళ్లు కొంకర్లు పోయాయి. కళ్లముందు చుక్కలు. అయిదో నెల గర్భిణి ఒకామె స్టూలు మీదినుంచి పడిపోయింది. బిడ్డ దక్కలేదు. అర్జీ రాసుకుని పైకి వెళ్తే, చేతగానివాళ్లు మానుకోవచ్చన్నారు.

"పెద్దసారుకు మనుషుల మీద జాలి లేదు గానీ కెమెరాల మీద ప్రాణం" అంది పెద్దమ్మ. "సరే, అటునుంచే వద్దామనుకున్నా. బీరువాకు గూళ్లెన్నో లెక్కపెట్టా. వెళ్లి చెప్పా, అయ్యా, కొత్త స్ప్రింగుకు ఏడు రోజులు విశ్రాంతి కావాలి, లేకపోతే తమరి పేరు పోతుంది అని. ఆయన మురిసిపోయాడు. మర్నాడే హుకుం. నెలకల్లా పెట్టెల మీద అచ్చు కూడా. పన్నెండు మించి పెట్టడానికి చోటు లేదు, పన్నెండు మించి చెయ్యమనడానికి ఎవడికీ నోరు లేదు. ఒక్క రోజు స్ప్రింగుకి. మిగతా ఆరూ మనకి."

జోలమ్మకు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. "మరి నాకెందుకు చెప్పలేదు? చిన్నపిల్లననుకున్నావా?"

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదే. నిజమనుకుని చెప్పావు గనకే ఇన్నాళ్లు నిలబడింది."

"ఇప్పుడా నిజం చెప్తే ఆ కుర్రాడు ఇరవై చెయ్యమంటాడు. చెప్పకపోతే ఫ్యాక్టరీ మూతపడుతుంది. నన్నేం చెయ్యమంటావు?"

పెద్దమ్మ సూదిలోకి మళ్లీ దారం ఎక్కించడానికి కాసేపు తిప్పలు పడింది. జోలమ్మ సాయం చెయ్యబోతే చెయ్యి విదిలించింది.

"అప్పుడు మా చేతిలో అబద్ధం తప్ప ఏమీ లేదు. ఇప్పుడు మీ చేతిలో ఏముందో మీరు చూసుకోండి" అంది.

మర్నాడు టీ వేళ జోలమ్మ బల్ల దగ్గర ముగ్గురికీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. కిలకిల నవ్వీ నవ్వీ ఏప్రానుతో కళ్లు తుడుచుకుంది. కళ్లద్దాల పిన్ని మాత్రం అద్దాలు తీసి బల్లమీద పెట్టింది. ఆవిడకు కోపమొస్తే చేసే పని అది.

"చెప్పకు. ఒక్కసారి ఇరవై మొదలైతే ఇక ఆగదు. నేను ఆ రోజులు విన్నాను, మా అత్త నోట. పడిపోయింది ఆవిడే" అంది.

ఆ సంగతి అంతవరకు ఎవరికీ తెలియదు. కిలకిల నవ్వు ఆగిపోయింది.

"చెప్పకపోతే నలభై రోజుల్లో అందరం ఇళ్లలో ఉంటాం పిన్నీ" అంది జోలమ్మ మెల్లగా.

కొత్తమ్మాయి టీ గ్లాసు పక్కన పెట్టి అంది: "షట్టరు బిగించడం ఎంతమందికి వచ్చక్కా?"

"మనకి."

"అదే. మన నలుగురికి. ఈ దేశంలో ఇంకెవరికీ రాదు. వచ్చినవాళ్లందర్నీ వాళ్లే పంపేశారు. అక్కా, చెప్దాం. ఉత్తినే మాత్రం వద్దు. ఆ ఆరు రోజులూ తీసుకోమందాం. పన్నెండు మాత్రం కాగితం మీద పెట్టి మనకివ్వమందాం."

కళ్లద్దాల పిన్ని అద్దాలు మళ్లీ పెట్టుకుంది. బల్ల ఒప్పుకుందని జోలమ్మకు అర్థమైంది.

చిన్నసారు గదిలో గోడకు పెద్దసారు ఫోటో పెద్దది ఉంటుంది. దాని కిందే నిలబడి జోలమ్మ అంతా చెప్పింది. కొలిచిన చీటీ కూడా ఇచ్చింది. స్టాప్‌వాచి చీటీ చదివి, మొదటిసారి తన వాచీని జేబులో వేసుకున్నాడు. చిన్నసారు మాత్రం కుర్చీలో కూలబడిపోయాడు. మెడలోని కెమెరాను నిమరడం కూడా మర్చిపోయాడు.

"అంటే... నలభై ఏళ్లుగా పెట్టె మీద అబద్ధం అచ్చేసుకుంటున్నామా?"

"అబద్ధం కాదు సారూ. ఏడు రోజులూ నిద్రపోయాయి. ఎవరి కోసం అన్నదే తేడా."

"మా తాతగారికి తెలుసంటారా?"

జోలమ్మ ఫోటో వైపు చూసింది. కొంచెం మెత్తగా చెప్పొచ్చు. ఆయన మొహం చూస్తే జాలేసింది కూడా. కానీ మెత్తగా చెప్తే అది ఇంకో అబద్ధమవుతుంది.

"తెలిసినా ఒప్పుకునేవారు కారు సారూ. ఇది ఒప్పుకుంటే ఆ పిల్ల పడిపోయిన సంగతి కూడా ఒప్పుకోవాలి కదా."

చిన్నసారు తలొంచుకున్నాడు. ఆయనకప్పుడు పదహారేళ్లు. అలాంటిదేదో ఇంట్లో లోగొంతుకలతో మాట్లాడుకోవడం విన్న గుర్తు. అడగలేదు.

"ఏం కావాలి మీకు?" అన్నాడు తలెత్తి.

"రోజుకు పన్నెండు. ఒక రోజు నిద్ర. బల్ల మీది నలుగురూ ఒప్పుకుంటేగానీ పదమూడోది లేదు. ఇదంతా కాగితం మీద, మీ సంతకంతో."

స్టాప్‌వాచి గొంతు సవరించుకున్నాడు. "పన్నెండు చొప్పున ఇరవై రోజులు, ఒక రోజు నిద్ర, ఇరవై ఒకటి. ఒక్క రోజే మిగులు. మధ్యలో ఎవరికైనా జ్వరమొస్తే?"

"జ్వరమొస్తే పడుకుంటారు బాబూ."

అతను ఏదో అనబోయి నవ్వేశాడు. కాగితం రాసిపెట్టింది అతనే. రాస్తూ, "ఇది నేను కొలిచి ఉంటే మీరు నమ్మేవారా?" అని అడిగాడు.

"లేదు. మిషను పాడైందనేదాన్ని" అంది జోలమ్మ.

జ్వరం రానే వచ్చింది, తొమ్మిదో రోజున, కళ్లద్దాల పిన్నికి. అయిదు రోజులు లేవలేదు. ముగ్గురు కలిసి రోజుకు తొమ్మిదే చెయ్యగలిగారు. ఆవిడ తిరిగొచ్చి కూర్చునేసరికి పదిహేను కెమెరాలు వెనకబడ్డాయి. చేతిలో ఉన్న ఒక్క మిగులు రోజూ మింగేసినా ఇంకా మూడు తక్కువ.

చిన్నసారు రోజుకు నాలుగుసార్లు బల్లగది గుమ్మం దాకా వచ్చి వెళ్లడం మొదలుపెట్టాడు. లోపలికి రాడు. నోరు తెరిచి అడగడు. కిటికీ అద్దం బాగా తుడుస్తున్నారా లేదా అని చూసి వెళ్తాడు.

"పాపం, కడుపునొప్పి వచ్చినవాడిలా తిరుగుతున్నాడు" అంది కిలకిల.

"తిరగనీ. అడగకూడదని తెలిసి అడగకుండా తిరుగుతున్నాడు. ఈ ఫ్యాక్టరీలో పైఅంతస్తువాడొకడు అలా తిరగడం నేనిదే చూడటం" అంది కళ్లద్దాల పిన్ని.

ఆవిడే మళ్లీ అంది: "మూడు రోజులు పదమూడేసి చేద్దాం. నా జ్వరానికి నా వంతు."

"జ్వరానికి వంతులేంటి పిన్నీ, నీ మొహం. చేస్తే నలుగురం చేస్తాం. చెయ్యకూడదనుకున్నా నలుగురం. చెప్పండర్రా" అంది జోలమ్మ.

నలుగురూ చేతులెత్తారు. నలుగురే ఉన్న బల్ల దగ్గర చేతులెత్తడం చూసి కిలకిలకు మళ్లీ నవ్వొచ్చింది. జోలమ్మ నవ్వలేదు. నేరుగా చిన్నసారు గదికెళ్లి చెప్పింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి దండం పెట్టబోయాడు.

"దండం వద్దు సారూ, కాగితం తీయండి. మూడు రోజులు, పదమూడు చొప్పున, ఈసారికి మాత్రమే, మా అంతట మేము ఒప్పుకుని. రాయండి."

"నమ్మకం లేదా జోలమ్మగారూ నా మీద?"

"మీ మీద ఉంది. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు నాకు తెలీదుగా."

రాశాడు.

రెండువందల నలభై కెమెరాలూ ఇరవై రెండో రోజుకు పెట్టెలకెక్కాయి. అప్పుడొచ్చింది ఇంకో చిక్కు. ప్రతి కెమెరాతో ఒక చీటీ వెళ్తుంది. ‘ఏడు రోజులు నిద్రపోయింది’ అని దానిమీద అచ్చయి ఉంటుంది, కింద జోలమ్మ సంతకం పెట్టాలి. కొత్త చీటీలు అచ్చేయించే వ్యవధి లేదు. పెట్టెలూ పాతవే.

"ఈ ఒక్కసారికి పోనిద్దాం. కెమెరా మంచిదేగా. ఎవరు చూస్తారు?" అన్నాడు చిన్నసారు.

"నేను చూస్తా" అంది జోలమ్మ.

కూర్చుని రెండువందల నలభై చీటీల మీద ‘ఏడు రోజులు’ కొట్టేసి, పైన పెన్నుతో ‘ఒక రోజు’ అని రాసి, సంతకం పెట్టింది. సాయంత్రానికి చెయ్యి లేవలేదు. ఇంటికెళ్లాక కూతురు ఆ చేతికి మందు రాస్తూ, "ఒక ముద్ర చేయించి కొడితే పోయేదిగా అమ్మా" అంది. జోలమ్మ కాసేపు కూతురి వైపు చూసి, "ఇది పొద్దున్న చెప్పాల్సింది" అంది. భర్త ఎంత నవ్వాడంటే కుడికాలు నిజంగానే బ్రేకు తొక్కింది.

రెండు వారాలకు బడుల నుంచి ఫోనొచ్చింది. మాట్లాడింది అక్కడి పెద్ద టీచరు. చిన్నసారు రెండు మాటలు విని, బల్లగదికి పరుగెత్తుకొచ్చి ఫోను జోలమ్మ చేతిలో పెట్టాడు.

"పెట్టె మీద ఏడు రోజులంటారు. చీటీ మీద ఒక రోజంటారు. ఏది నమ్మమంటారండీ?" అంది అవతలి గొంతు.

"చీటీని నమ్మండి. పెట్టె అచ్చేసింది మిషను, చీటీ రాసింది నేను."

"ఏడు రోజులన్న మాట చూసే మేం కొన్నాం!"

"తెలుసమ్మా. కోప్పడండి. తర్వాత వినండి."

జోలమ్మ చెప్పింది. బీరువా, గూళ్లు, పన్నెండు, ఇరవై, పడిపోయిన పిల్ల, పెద్దమ్మ, ఆరు రోజులు, కాగితం. దేన్నీ దాచలేదు, దేనికీ మెరుగు పెట్టలేదు.

"కెమెరాలు కొలిచారా?" అని జోలమ్మే అడిగింది.

"ఇరవై కొలిచాం."

"ఎలా ఉన్నాయి?"

"...బాగున్నాయి" అంది టీచరు, ఇష్టం లేనట్టుగా. వెంటనే గొంతు మార్చి, "మా పిల్లల్ని తీసుకొచ్చి ఆ బల్ల చూపించొచ్చా?" అంది.

"రండి. పని మాత్రం ఆపం. పని చేస్తూనే చూపిస్తాం."

జోలమ్మ ఫోను చిన్నసారు చేతికిచ్చి, ఆ రోజు తొమ్మిదో కెమెరా అందుకుంది.

"ఏమన్నారు?" అన్నాడు చిన్నసారు.

"కోప్పడ్డారు. తర్వాత వస్తామన్నారు."

"వచ్చే ఏడాది ఆర్డరు సంగతి?"

"చెప్పలేదు. నేనడగలేదు."

"అడగాల్సింది కదమ్మా! అసలైంది అదేగా!"

"మీరు అడగండి సారూ. ఫోను ఇంకా పెట్టెయ్యలేదు, ఆవిడ వింటూనే ఉంది."

చిన్నసారు చేతిలోని ఫోను వైపు చూశాడు. అందులోంచి సన్నగా ఒక నవ్వు వినిపించింది. ఆయన చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, దాన్ని మెల్లగా చెవి దగ్గర పెట్టుకున్నాడు.